పంపు రెండోసారి పోయింది, బావ మీద అనుమానం మొదలైంది

మదనపల్లె దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నాడు కాబట్టి తీసేశాను. చాలా పొడుగు ఉత్తరం, కుదించి చెబుతున్నా.

వయసు 29. బెంగళూరులో ఉద్యోగం పోయాక 2023లో సెకండ్ హ్యాండ్‌లో ఒక డీజిల్ పికప్ కొన్నాడు. 2020 చివర్లో రిజిస్టరైన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండి, కొనేటప్పటికే లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. డౌన్ పేమెంట్ కోసం అక్క నగలు బ్యాంకులో పెట్టారు. నడిపేది బావ. టమాటా సీజన్లో మండీ నుంచి చెన్నైకి లోడ్లు, మిగతా రోజుల్లో దాణా, సిమెంటు, ఏ బాడుగ దొరికితే అది. నిరుడు డీజిల్‌ను ఒత్తిడితో ఇంజిన్ వైపు తోసే హైప్రెషర్ పంపు పోయిందంటే ఊళ్లో మెకానిక్ దగ్గర రీకండిషన్ పంపు వేయించారు, 28 వేలయింది. ఏడాది దాటి కొన్నాళ్లయిందో లేదో మళ్లీ అదే గొడవ. మొన్న టమాటా లోడుతో చిత్తూరు దాటాక బండి లాగడం మానేసి ఆగిపోయింది, ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాలేదు. సరుకు వేరే బండిలోకి మార్చి పంపేసరికి పొద్దున మార్కెట్ అయిపోయింది, బాడుగ పోగా నష్టంలో కొంత వీళ్లే కట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు పాత మెకానిక్ మళ్లీ రీకండిషన్ వేద్దామంటున్నాడు. టౌన్లో ఇంకొకాయన కొత్త పంపు 65 వేలు అన్నాడు. కంపెనీ సర్వీస్ సెంటర్లో పంపు, ఇంజెక్టర్లు (ఇంజిన్లోకి డీజిల్ చల్లేవి), రైలు (వాటికి డీజిల్ అందించే గొట్టం), పైపులు అన్నీ మార్చాలి, లక్షా అరవై వేలు అన్నారు. ఈఎంఐ ఇంకా రెండేళ్లుంది.

ఇది ఒక సగం. రెండో సగం ఏమిటంటే, మండీలో ఒక స్నేహితుడు "మీ బావ బండిలోంచి డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడు, బదులు ఏదో చవక ఆయిల్ పోస్తున్నాడు" అని చెవిలో వేశాడు. క్యాబిన్లో చూస్తే రెండు క్యాన్లు కనిపించాయి, బంకు బిల్లులు లేవు. మైలేజీ 13 నుంచి 10కి పడిపోయింది. బావను అడిగితే "పాత బండి కొన్నావు, ఈ మోడల్ పంపులు ఇంతే, అమ్మి పారెయ్" అన్నాడట. అమ్మేమో "అల్లుడిని ఆ మాట అడిగావంటే మీ అక్క మళ్లీ ఈ గడప తొక్కదు" అంటోంది. అసలు పంపు ఎన్నాళ్లు రావాలి, ఈ మూడింట్లో ఏది చేయించాలి, బావను బండి దించేయాలా? ఇవీ ప్రశ్నలు.

తమ్ముడూ, నీ ఉత్తరంలో పంపు గురించి ఎంత రాశావో బావ గురించి దానికి రెండింతలు రాశావు. బండి పాడైన కోపం, అక్క నగల భయం, మండీలో విన్న మాట, మూడూ ఒకే ముద్దయిపోయాయి నీకు. అందుకని ముందే ఒకటి చెబుతా. ఇంకో రెండు మూడు రోజులు ఎవరికీ డబ్బు కట్టకు, బావను ఏమీ అడగకు. బండిలో ఉన్న డీజిల్ ఫిల్టర్ విప్పి చూసేదాకా నీకు ఏమీ తెలియదు, నీ స్నేహితుడికి అంతకన్నా తెలియదు.

పంపు ఎన్నాళ్లు రావాలి అన్నావు. ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చాలి అని లెక్క ఉండేది ఫిల్టర్‌కి, ఇంజిన్ ఆయిల్‌కి. హైప్రెషర్ పంపుకు అలాంటి లెక్క లేదు, సర్వీస్ పుస్తకంలో దాన్ని మార్చే గడువు కనిపించదు. మంచి డీజిల్ పడి, ఫిల్టర్ వేళకు మారిన బండ్లలో రెండు మూడు లక్షల కిలోమీటర్లు దాటినా మొదటి పంపే ఉన్నవి బోలెడు. కాబట్టి నిరుడు ఒకటి పోయి, ఏడాదికే రెండోది పోయిందంటే అది పంపు ఆయుష్షు తీరడం కాదు. దాన్ని ఏదో చంపింది. ఆ చంపినది ఇంకా బండిలోనే ఉంటే నువ్వు 65 వేలు పెట్టి కొత్తది వేయించినా మూడోదీ పోతుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు అంత పెద్ద లిస్టు ఇవ్వడానికి అసలు కారణం ఇదే అయ్యుండొచ్చు, అందులో దోపిడీ ఎంత, నిజం ఎంత అనేది తర్వాత చూద్దాం.

కాస్త లోపలికి వెళ్దాం, ఇది తెలిస్తే మెకానిక్ మాట నువ్వే తూచగలవు. డీజిల్ పంపు అని అందరూ ఒకటే మాట అంటారు గానీ అందులో మూడు వస్తువులున్నాయి. ట్యాంకు నుంచి డీజిల్ లాగి తెచ్చే ఫీడ్ పంపు ఒకటి. దాన్ని పిండి ఇంజెక్టర్ల ముందున్న రైలులోకి 1,600 బార్, కొన్ని బండ్లలో ఇంకా ఎక్కువ ఒత్తిడితో తోసేది హైప్రెషర్ పంపు. కారు టైరులో గాలి రెండు మూడు బార్లు ఉంటుంది, అది గుర్తుంచుకుంటే ఆ ఒత్తిడి ఏపాటిదో అర్థమవుతుంది. ఈ పంపు మీదే కూర్చుని ఎంత డీజిల్ లోపలికి పోవాలో కొలిచి వదిలే చిన్న వాల్వు మూడోది, షెడ్లలో మీటరింగ్ వాల్వు అనో ఎస్‌సీవీ అనో అంటారు. ఈ వాల్వు అడ్డం తిరిగినా బండి ఊగుతుంది, లోడులో ఆగిపోతుంది, స్టార్ట్ కాదు. అచ్చం పంపు పోయినట్టే ఉంటుంది. కొన్ని వేల రూపాయల వాల్వు పోతే మొత్తం పంపు మార్చేసిన షెడ్లు ఎన్నో ఉన్నాయి, పాత పంపు బయటికి తీసి ఎవరూ పరీక్ష పెట్టరు కాబట్టి ఆ సంగతి ఎప్పటికీ బయటపడదు.

ఈ పంపు లోపల కదిలే భాగాల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. మన తల వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, ఆ సందు రెండు మూడు మైక్రాన్లు. దానికి వేరే ఆయిల్ వేయరు, లోపలి నుంచి పోయే డీజిలే దానికి నూనె, డీజిలే దానికి చలువ. పాత కాలం లారీల లైన్ పంపులకు ఇంజిన్ ఆయిల్ అందేది, అందుకే అవి ఏది పోసినా ఓర్చుకున్నాయి. ఇప్పటి పంపుకు డీజిల్లో నీళ్లు కలిస్తే నూనె లేనట్టే. కిరసనాయిలు కలిస్తే పలచనై అరుగుతుంది. గాలి లాగితే ఆ క్షణానికి ఎండు రాపిడే.

ఇంకొకటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 డీజిల్ వచ్చింది, గంధకం పది లక్షల పాళ్లలో 50 (50 పీపీఎం) నుంచి 10కి దిగింది. రిఫైనరీలో గంధకం తీసేటప్పుడు డీజిల్లో సహజంగా ఉండే జారుడుగుణం కూడా కొంత పోతుంది, అందుకే దాన్ని తిరిగిచ్చే మందు కలిపి బయటికి పంపుతారు. దానికో పరీక్ష ఉంది, ఉక్కు గుండును డీజిల్లో ముంచి పలక మీద రుద్దితే పడే మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదని మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నిబంధన. అంటే బంకులో సరిగ్గా కొన్న డీజిల్‌తో భయం లేదు. రోడ్డు పక్క షెడ్డులో 'బయోడీజిల్' అని, 'ఇండస్ట్రియల్ ఆయిల్' అని డ్రమ్ముల్లోంచి పోసేదానికి ఈ పరీక్షలేవీ ఉండవు. నీ స్నేహితుడి మాటలో ఈ ఒక్క ముక్క మటుకు తీసిపారేయాల్సింది కాదు.

అయినా నాకు ముందు అనుమానం వచ్చింది బావ మీద కాదు, నిరుడు చేసిన రిపేరు మీద. నువ్వే రాశావు, మధ్యాహ్నం బండి పెడితే సాయంత్రానికి పంపు వేసి ఇచ్చేశాడని. ట్యాంకు దించలేదు, ఇంజెక్టర్లు విప్పలేదు, రైలు కడగలేదు, ఫిల్టర్ మార్చినట్టు బిల్లులో లేదు. ఒక హైప్రెషర్ పంపు అరిగి పోయిందంటే ఆ అరిగిన ఇనుము ఎక్కడికి పోతుందనుకున్నావు? కొంత రైలులోకి, ఇంజెక్టర్లలోకి పోతుంది. ఇంజెక్టర్లు వాడుకోగా మిగిలిన డీజిల్ రిటర్న్ పైపులో మళ్లీ ట్యాంకులోకి వస్తుంది కదా, దాంతో పాటు ఆ పొడి ట్యాంకులో చేరుతుంది. పప్పులో రాళ్లు ఏరకుండా గిన్నె మాత్రం మార్చి వండినట్టు కొత్త పంపు వేశారు. ఆ తర్వాత ఏడాదికి పైగా నడిచిందంటే అదే ఎక్కువ అనాలి.

ఇప్పుడు ఫిల్టర్ సంగతి. బండిని పాత షెడ్డుకు కాకుండా, ఇలాంటి రైలున్న, అంటే కామన్ రైల్ పంపులు, ఇంజెక్టర్లు టెస్ట్ బెంచ్ మీద చూసే షాపుకు తోలించు. మదనపల్లెలో కుదరకపోతే తిరుపతిలోనో బెంగళూరులోనో దొరుకుతుంది, టోయింగ్ ఖర్చు దండగ అనుకోకు. అక్కడ నీ కళ్ల ముందే ఈ పనులు చేయించు.

ఫిల్టర్ కింద డ్రెయిన్ స్క్రూ విప్పి వచ్చిన డీజిల్‌ను గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా పెట్టు. నీళ్లుంటే అడుగున వేరే పొరగా కూర్చుంటాయి. తర్వాత ఫిల్టర్‌ను కోసి లోపలి కాగితం తెల్లటి గుడ్డ మీద పరిచి చూడు. మీటరింగ్ వాల్వు తీసి దాని జాలీ కూడా చూడు. ఎండలో పెట్టి చూస్తే చెమ్కీ పొడిలా మెరిస్తే అది ఇనుము, పంపు నిజంగానే అరిగింది. మెరుపు లేకుండా నల్లటి జిగురు, బంకలాంటిది పట్టి ఉంటే, లేదా కిరసనాయిలు వాసన ముక్కుకు తగిలితే, ఇంధనమే తేడా. శుభ్రంగా ఉంటే చాలా సంతోషించు, ఎందుకంటే అప్పుడు తప్పు వాల్వులోనో, గాలి లాగుతున్న పైపులోనో, ఒక ఇంజెక్టర్లోనో ఉండొచ్చు.

ఇంజెక్టర్ మాట ఎందుకన్నానంటే, నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి నాలుగు చిన్న సీసాల్లో పెట్టి సెల్ఫ్ కొడితే ఏది ఎక్కువ వదిలేస్తుందో తెలిసిపోతుంది. ఒకటి బాగా అరిగి రిటర్న్ ఎక్కువ పోతుంటే పంపు ఎంత తోసినా రైలులో ఒత్తిడి నిలవదు. బండి స్టార్ట్ కావాలంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు సుమారు 200 బార్లన్నా రావాలి, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే ఆ అంకె కనిపిస్తుంది. ఆ అంకె తక్కువ ఉందని చూసి "పంపు పోయింది" అనేస్తారు, రిటర్న్ టెస్ట్ చేయరు. పలమనేరు నుంచి చెన్నై దాకా ఏ షెడ్డుకైనా వెళ్లు, స్కానర్ పెట్టే వాళ్లు కనిపిస్తారు, సీసాలు పెట్టేవాళ్లు తక్కువ.

ఫీడ్ వైపు పైపు ఒకచోట తీసి, పారదర్శకంగా ఉండే పైపు ముక్క తగిలించి చూస్తే బుడగలు వస్తున్నాయా లేదా తెలుస్తుంది. ఇదంతా కలిపి ఒక పూట పని. దీనికి అయ్యే ఖర్చు నీకు చెప్పిన మూడు రేట్లలో అతి చిన్నదాంట్లో చిన్న వంతు.

ఇప్పుడు బావ దగ్గరికి వద్దాం.

నీకు దొరికిన సాక్ష్యాలు మూడు: క్యాన్లు, బిల్లులు లేకపోవడం, మైలేజీ పడిపోవడం. ఒక్కోటీ చూడు. మైలేజీ 13 నుంచి 10కి పడింది. నెలకు 4,000 కిలోమీటర్లు తిరిగితే 13 లెక్కన 308 లీటర్లు, 10 లెక్కన 400 లీటర్లు. నెలకు 92 లీటర్ల తేడా, అది చిన్న మొత్తం కాదు, నీ కడుపు మండటంలో తప్పులేదు. కానీ అరిగిన ఇంజెక్టర్ డీజిల్ సరిగ్గా చల్లకపోయినా మైలేజీ పడిపోతుంది, నల్లపొగ వస్తుంది, లాగదు. అంటే దొంగతనానికీ జబ్బుకీ లక్షణం ఒకటే. ఇంజెక్టర్లు టెస్ట్ చేస్తే బాగున్నాయని తేలితే అప్పుడు ఆ 92 లీటర్ల గురించి ఆలోచించాలి, అప్పటిదాకా కాదు.

క్యాన్ల సంగతి. మీ వైపు డ్రైవర్లు చాలామంది కర్ణాటక లోపలికి పోయినప్పుడు అక్కడ డీజిల్ పోయించుకుని రావడం నీకు తెలియనిది కాదు, అక్కడ లీటరు మన దగ్గరకన్నా చవక. ట్యాంకు నింపి, ఇంకో రెండు క్యాన్లు పట్టుకొచ్చి ఇంట్లో పెట్టుకుంటారు. బావ చేస్తున్నది అదే అయితే అది దొంగతనం కాదు, నీకు డబ్బు మిగల్చాలనే. కాకపోతే ఆ క్యాన్ ఇంతకుముందు దేనికి వాడారో, మూత గట్టిదో కాదో, వానలో వెనక బాడీలో పడి ఉందో, గరాటాకు గుడ్డ కట్టారో లేదో, అక్కడ మొదలవుతుంది పంపు కథ. ఆదా చేద్దామనుకున్న మనిషి చేతిమీదుగానే నీళ్లు, దుమ్ము ట్యాంకులోకి పోయి ఉండొచ్చు. ఇంటికొచ్చిన అల్లుడిని దొంగ అని నిలదీసి, తీరా చూస్తే ఆయన నీకోసమే క్యాన్లు మోశాడని తేలితే ఆ మాట వెనక్కి తీసుకోలేవు. మీ అమ్మ చెప్పింది నిజమే, అక్క గడప తొక్కదు.

మూడో అవకాశం కూడా ఉంది, దాన్ని దాచను. ఫిల్టర్లో జిగురు, వాసన దొరికి, ఇంజెక్టర్లు అరగలేదని తేలితే బావ ఎక్కడో చవక ఆయిల్ పోయిస్తున్నాడన్నమాట. అప్పుడు కూడా దొంగతనమేనా అంటే నేను వెంటనే ఔననను. ఆయనకు నువ్వు జీతం ఇస్తున్నావా, ట్రిప్పుకింత ఇస్తున్నావా, లాభంలో వాటానా? అంత పొడుగు ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు నువ్వు. అక్క నగలు బ్యాంకులో ఉన్నాయి, ఆర్‌సీ నీ పేరు మీద ఉంది, ఆయన స్టీరింగ్ దగ్గర ఉన్నాడు, ఎవరికెంత అని ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదనిపిస్తోంది. అలాంటిచోట మనిషి తన వాటా తానే తీసుకోవడం మొదలుపెడతాడు. అది ఒప్పని అనను, ఎక్కడి నుంచి పుట్టిందో చెబుతున్నా.

కాబట్టి బావతో ఎలా మాట్లాడాలంటే, షాపుకు ఆయన్నీ తీసుకెళ్లు. ఫిల్టర్ కోసేటప్పుడు పక్కనే ఉండమను. నువ్వు ఏ ప్రశ్నా వేయొద్దు, షాపాయన వేస్తాడు. "ఎక్కడ కొట్టించారు డీజిల్, క్యాన్లో తెచ్చారా, ట్యాంకు అడుగంటేదాకా నడిపారా" అని ఆయన అడిగితే అది వృత్తి మాట, నువ్వు అడిగితే నింద. ట్యాంకు అడుగంటేదాకా నడపడం కూడా ఒక కారణం, అప్పుడు గాలి లాగుతుంది, అడుగున పేరుకున్న మడ్డి లాగుతుంది, వేడెక్కిన రిటర్న్ డీజిల్ చల్లారే వీలుండదు. చాలామంది డ్రైవర్లకు అది తప్పని ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత డీజిల్ ఏర్పాటు మార్చు. ఒకే బంకు, ఎక్కువ అమ్మకమున్న బంకు చూసుకో, డబ్బు నీ ఫోన్ నుంచి పోయేలా. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు దాకా కిలోమీటర్లు ఒక నోట్‌బుక్‌లో రాయాలి. దీన్ని బావ మీద నిఘా అనకు, "పంపు వారంటీకి బిల్లులు చూపించాలట" అను, అది అబద్ధం కూడా కాదు, మంచి షాపులు అడుగుతాయి. రాత్రి బండి పెట్టేముందు ట్యాంకు సగానికి పైనే ఉంచితే మంచు రోజుల్లో ట్యాంకు గోడలకు చెమ్మ పట్టేది తగ్గుతుంది, మీ మదనపల్లె చలికి ఇది పనికొచ్చే అలవాటు. వారానికోసారి ఫిల్టర్ కింద నీళ్లు తీయడం కూడా ఆయన పనే అని చెప్పు. డ్యాష్‌బోర్డు మీద డీజిల్లో నీళ్లున్నాయని చెప్పే దీపం వెలిగితే ఆగిపోవాలి, లోడు దించాక చూద్దాం అనుకోకూడదు. ఈ ఒక్క అలవాటు లేక పోయిన పంపులే సగం ఉంటాయని నా అంచనా.

బావను దించేయాలా అని అడిగావు కదా. దించేస్తే వేరే డ్రైవర్ను పెట్టుకోవాలి, జీతం, బత్తా, అతను ఎక్కడ పోయిస్తాడో నీకు ఇంకా తక్కువ తెలుస్తుంది. అక్క నగలు విడిపించమంటుంది, అడిగే హక్కు ఆమెకుంది, ఆ డబ్బు ఇప్పుడు నీ దగ్గర లేదు. ఉంచితే, వాటా ఎంతో కాగితం మీద రాసుకోకుండా ఉంచకు. నాకైతే ఉంచి, రాసుకోవడమే మేలనిపిస్తోంది. కానీ ఫిల్టర్లో కిరసనాయిలు దొరికి, ఆయన అది ఒప్పుకోకపోతే, కనీసం ఆ సీజన్ వరకు బండి తాళం నీ దగ్గర పెట్టుకోవడం తప్ప దారిలేదు. అప్పుడు కూడా ముందు అక్కతో మాట్లాడు, ఊళ్లోవాళ్ల ద్వారా ఆమె చెవిన పడకూడదు.

ఇక డబ్బు. ఫిల్టర్, వాల్వు జాలీ శుభ్రంగా ఉండి, వాల్వు లేదా గాలి లీకు అని తేలితే నీకు అయ్యేది వేలల్లోనే, ఈ మూడు రేట్లూ మర్చిపో. చెమ్కీ దొరికితే పంపు ఒక్కటే మార్చడం డబ్బు తగలేసుకోవడమే, కొత్తదైనా రీకండిషనైనా. ట్యాంకు దించి కడగాలి, లైన్లు ఊదాలి, రైలు కడగాలి లేదా మార్చాలి, నాలుగు ఇంజెక్టర్లు బెంచ్ మీద చూడాలి. ఇక్కడే లక్షా అరవైలో కొంత తగ్గించుకునే వీలుంది. ఇంజెక్టర్లు నాలుగూ కొత్తవి అక్కర్లేదేమో, టెస్ట్ రిపోర్టు కాగితం మీద ఇమ్మను, చెడినవి మాత్రం మార్చు. మంచి బెంచ్ షాపు రీకండిషన్ పంపు, శుభ్రం చేసిన ట్యాంకు, రెండు ఇంజెక్టర్లు, ఈ కలయిక సర్వీస్ సెంటర్ రేటు కన్నా బాగా తక్కువలో రావాలి. రీకండిషన్ అంటే చాలాచోట్ల కడిగి, సీళ్లు మార్చి, రంగు వేసి ఇస్తారు. లోపల ఏమేం మార్చారు, మీటరింగ్ వాల్వు కొత్తదా పాతదా, బెంచ్ మీద ఏ ఒత్తిడి వచ్చింది అని అడిగితే సమాధానం చెప్పేవాడి దగ్గరే తీసుకో, వారంటీ బిల్లు మీదే రాయించు.

పంపు బిగించాక ఫిల్టర్ నింపి, చేత్తో నొక్కే హ్యాండ్ ప్రైమర్‌తో గాలి తీసి, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టాలి. కొంతమంది డీజిల్ ఎత్తేదాకా సెల్ఫ్ కొడుతూనే ఉంటారు, కొత్త పంపుకు మొదటి గాయం అక్కడే తగులుతుంది. డీజిల్లో 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లకు వేసే నూనె) కలిపితే మంచిదని ఎవరో ఒకరు చెబుతారు నీకు. బంకు డీజిల్‌కు అది అక్కర్లేదు, డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే జల్లెడ) ఉన్న బీఎస్6 బండిలో బూడిద పెరిగి ఇంకో ఖర్చు తెస్తుంది.

"ఈ మోడల్ పంపులు ఇంతే" అన్న బావ మాట ఉత్తిదేనా? ఎక్కడా జరగని మాటైతే కాదు. అమెరికాలో 2019, 2020 మోడల్ ర్యామ్ హెవీ పికప్‌లలో హైప్రెషర్ పంపులు పోతున్నాయని 2021 నవంబరులో సుమారు 2 లక్షల 20 వేల బండ్లను వెనక్కి పిలిచి, పాత రకం పంపు వేసి ఇచ్చారు. అక్కడ ఒక పంపు లోపల పగిలితే మొత్తం ఇంధన వ్యవస్థ చెడి వేల డాలర్ల బిల్లు వచ్చేది, దానిమీద కోర్టు కేసులూ నడిచాయి. అంటే డిజైన్ వల్ల పంపు పోవడం ఉంది. అలాంటప్పుడు ఒకే మోడల్ బండ్లలో ఒకే రకంగా పోతాయి, మీ మండీలోనే నీలాంటి బండ్లు పది పదిహేను ఉంటాయి, వాళ్లను అడుగు. వాళ్లవి నడుస్తూ నీదే రెండుసార్లు పోతే మోడల్ మీద తోయడానికి లేదు. కంపెనీ వెబ్‌సైట్లో ఛాసిస్ నంబరు కొట్టి రీకాల్ ఏమన్నా ఉందేమో కూడా చూడు, ఐదు నిమిషాల పని.

అమ్మేయడం ఒక దారే. కానీ స్టార్ట్ కాని బండికి వచ్చే రేటు, ఈఎంఐలో మిగిలిన అసలు, రెండూ పక్కపక్కన రాసుకో. రిపేరు చేసి సీజన్ నడిపి అమ్మితే వచ్చే రేటు వేరు. నాకు తెలిసి బాకీ తీరకుండా ఆగిన బండి అమ్మినవాళ్లకు మిగిలేది అప్పే, పైగా అక్క నగలు అలాగే బ్యాంకులో ఉంటాయి. రిపేరు ఖర్చు బండి విలువలో మూడో వంతు దాటుతోందని తేలితే మాత్రం అమ్మే మాట మళ్లీ ఆలోచించు.

చివరగా నిరుడు పంపు వేసిన మెకానిక్ సంగతి. బిల్లు ఉందన్నావు కాబట్టి, పాత ఇనుప పొడి కడగకుండా వేశాడని బెంచ్ షాపు కాగితం మీద రాసిస్తే ముందు ఆయనతోనే మాట్లాడు, మజూరీ అన్నా వదులుకునేలా. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు వేయడానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది, నీకది దాటలేదు. వ్యాపారం బండి కదా వేయకూడదంటారు కొందరు, స్వయం ఉపాధితో బతకడానికి వాడుకునేదాన్ని చట్టం వ్యాపారం కింద లెక్కపెట్టదు. నడిపేది బావ కాబట్టి అవతలివాళ్లు దాన్ని పట్టుకుని వాదించొచ్చు, లాయరుకు ఆ ముక్క ముందే చెప్పు. దీనికంతా ఆధారం ఆ చెడిపోయిన పంపే. రీకండిషన్ షాపులు పాతది తమకిస్తే రేటు తగ్గిస్తామంటాయి, ఇచ్చేయాల్సి వస్తే ఇచ్చేముందు నంబరు కనిపించేలా, లోపలి అరుగుదల కనిపించేలా ఫోటోలు తీయించు, కోసిన ఫిల్టర్, సీసాలో పట్టిన డీజిల్ మాత్రం ఎవరికీ ఇవ్వకు.